కోనసీమ దారిలో దోబూచులాడే దీపం

చుట్టూ నీళ్లు, నెత్తిన కొబ్బరాకుల గొడుగు, పక్కనే కాలువ... కోనసీమలో కారు ప్రయాణం కంటికి పండగే. కానీ ఆ నీరూ, ఆ ఉప్పుగాలీ కారులోని కరెంటుతో దాగుడుమూతలు ఆడతాయి. బండి దారిలో మొరాయిస్తుంది, షెడ్డులో బుద్ధిగా ఉంటుంది. ఆ ఆట కట్టించడం ఎలా?

రావులపాలెంలో జాతీయ రహదారిని వదిలి కొత్తపేట దారి పట్టగానే కారు వేగం దానంతటదే తగ్గిపోతుంది. ఎదురుగా అరటిగెలల లారీలు, పక్కనే కాలువ, గట్టు దిగువన పెంకుటిళ్లు, వాటి వెనక ఆకాశాన్ని మూసేసిన కొబ్బరితోటలు. 80, 90 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి ఇక్కడ 30కో 40కో దిగుతుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి బయల్దేరినవాళ్లకి ఇక్కడితో ఊరొచ్చేసినట్టే.

కొన్ని కార్లకి కష్టాలు మొదలయ్యేదీ సరిగ్గా ఇక్కడే. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం ఓసారి మినుక్కుమంటుంది. గతుకు దాటగానే ఆరిపోతుంది. హెడ్‌లైట్ల వెలుగు కాస్త తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఇంటికి చేరేసరికి అంతా మామూలే. మర్నాడు పొద్దున్న తాళం తిప్పితే 'టక్... టక్' తప్ప సెల్ఫ్ తిరగదు. నలుగురూ కలిసి నెట్టి స్టార్ట్ చేసి అమలాపురం షెడ్డుకు తీసుకెళతారు. ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తాడు. 14 వోల్టులు! 'ఛార్జింగు బానే వస్తోందండీ' అనేస్తాడు. ఆయన మాట అబద్ధం కాదు. దారిలో వెలిగిన ఎర్రదీపమూ అబద్ధం కాదు.

ఉన్నట్టుండి వచ్చి, చూడబోతే మాయమయ్యే ఈ జబ్బుకి జనం పెట్టుకున్న పేరు లూజ్ కాంటాక్ట్. పేరు చిన్నదే కానీ ఖర్చు చిన్నది కాదు. దాన్ని పట్టుకోలేక ముందు కొత్త బ్యాటరీ కొంటారు. నెల తిరక్కుండా డైనమో మార్పిస్తారు. వేలకు వేలు పోసినా మళ్లీ ఓ వానరాత్రి బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. లోపం బ్యాటరీలోనూ డైనమోలోనూ కాక, ఆ రెంటినీ కలిపే అతుకుల్లో ఉంటే జరిగేది ఇదే మరి.

శివారు చేను ఎందుకు ఎండింది?

కారులో కరెంటు ఎలా పారుతుందో కోనసీమ రైతుకి చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేం. ఎందుకంటే ఆయనకి కాలువ తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి నీళ్లు కాలువల మీదుగా ఈ లంకల మధ్యకు నడిచొచ్చాయి. లొల్ల లాకుల దగ్గర కాలువ చీలి ఒకటి అమలాపురం వైపు, ఇంకొకటి గన్నవరం వైపు సాగుతాయి. పి.గన్నవరం దగ్గర కాలువ ఏకంగా అక్విడక్టు ఎక్కి, వైనతేయ నది మీదుగా అవతలి ఒడ్డుకు దాటుతుంది. కాటన్ కాలం నాటి పాత అక్విడక్టుకి తోడుగా డొక్కా సీతమ్మ పేరుతో కొత్తది వచ్చింది. నదికి అవతల రాజోలు వైపు పొలాలకి అదే ప్రాణాధారం.

కారులోనూ ఇదే ఏర్పాటు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బెల్టు సాయంతో తిరిగి కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. మన షెడ్లలో ఇప్పటికీ దాని పేరు డైనమోయే. అది ఆనకట్ట అనుకుంటే, వోల్టేజీ హద్దు మీరకుండా చూసే రెగ్యులేటర్ లాకు. తీగలు కాలువలు. బ్యాటరీ ఊరి చెరువు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు వాడుకోవడానికీ, మళ్లీ స్టార్ట్ చేయడానికీ నిల్వ ఉండేది అందులోనే. డెల్టాలో కాలువ ఎంత ముఖ్యమో మురుగుకాలువ కూడా అంతే ముఖ్యం. వచ్చిన నీరు పోయే దారి లేకపోతే చేను పాడవుతుంది. కారులో ఆ తిరుగుదారి పేరు ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకీ, ఇంజిన్‌కీ బిగించిన పట్టీ అదే.

ఆనకట్ట నిండుగా ఉన్నా శివారు చేను ఎండుతోందంటే రైతు ధవళేశ్వరం పరుగెత్తడు. గట్టు వెంబడి నడుచుకుంటూ వెళతాడు. గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో, గండి ఎక్కడ పడిందో చూస్తాడు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలామంది ముందు చెరువునే మార్చేస్తారు. అప్పటికీ దారికి రాకపోతే ఆనకట్టనే మార్చేస్తారు. మధ్యలో కాలువ సంగతి ఎవరికీ పట్టదు!

దారే పరీక్షశాల

వచ్చిపోయే జబ్బుని పట్టాలంటే అది ఏమిటన్నదాని కంటే ఎప్పుడొస్తోందన్నది ముందు తెలియాలి. ఆ లెక్కన కోనసీమ దారిని మించిన పరీక్షశాల లేదు. మైలుకో రకం పరీక్ష పెడుతుంది.

హైవే మీద ఇంజిన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆల్టర్నేటర్ కావలసినంత కరెంటిస్తుంది. చిన్నాచితకా లోపాలు పైకి తేలవు. 'రాత్రంతా నడిచింది, ఏమీ కాలేదు. ఊళ్లోకొచ్చాకే ఆగిందండీ' అనడం వెనక ఉన్న రహస్యం ఇదే.

కొత్తపేట దాటాక గతుకులు మొదలవుతాయి. కుదుపు వచ్చినప్పుడల్లా దీపం మినుక్కుమంటే అనుమానం అతుకుల మీదికి పోవాలి. బ్యాటరీ టెర్మినల్ వదులై ఉండొచ్చు. పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగితీగ తెగి ఉండొచ్చు. ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగానికి ఆనుకుని ఉండే కార్బన్ బ్రష్‌లు అరిగి పొట్టివైపోయి, కుదుపుకి ఓసారి తగులుతూ ఓసారి తగలకుండా ఉండొచ్చు.

అంబాజీపేట మీదుగా అమలాపురం చేరితే ట్రాఫిక్ పరీక్ష. ఇక కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లిన కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంగుళం అంగుళం కదులుతూ ఏసీ, లైట్లు, రేడియేటర్ ఫ్యాను అన్నీ ఆన్‌లోనే ఉంటాయి. మామూలు హెడ్‌లైట్ల జత ఒక్కటే సుమారు 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో సగం కూడా ఇవ్వకపోవచ్చు. ఆ లోటు బ్యాటరీ పూడుస్తుంది. ఆగి ఉన్నప్పుడు లైట్లు మసకబారి, యాక్సిలేటర్ తొక్కగానే వెలిగితే బెల్టు వదులైందా, బ్రష్‌లు అరిగాయా, ఎక్కడైనా అతుకు పట్టు తప్పిందా అని చూడాలి.

వానలో బయల్దేరగానే 'కుయ్' మని కూత పెట్టి, కాసేపటికి ఆగిపోతే అది బెల్టు జారుతున్న చప్పుడు. అరిగి నున్నబడిన బెల్టు తడిస్తే పుల్లీ మీద పట్టు దొరకదు. ఎండగా ఉన్న రోజు అదే కారు షెడ్డులో చెక్కుచెదరకుండా 14 వోల్టులు చూపిస్తుంది. మరికొన్ని కార్లకి ఎండే శత్రువు. గంటసేపు నడిచి ఇంజిన్ బాగా వేడెక్కాకే దీపం వెలుగుతుంది, చల్లారితే ఆరిపోతుంది. అప్పుడు అనుమానం రెగ్యులేటర్, డయోడ్‌ల మీదకు మళ్లాలి.

అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన దాటి పాశర్లపూడి, తాటిపాక మీదుగా రాజోలు, అక్కణ్నుంచి మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది... పోను పోనూ గాలిలో ఉప్పు పెరుగుతుంది. ఉప్పు తేమను పట్టుకుంటుంది. తేమ తగిలిన రాగికి పచ్చగా చిలుము పడుతుంది, ఇనుముకి తుప్పు పడుతుంది. బ్యాటరీ పైకి శుభ్రంగానే కనిపించినా, సీసపు బుడిపెకీ దాన్ని పట్టుకున్న టెర్మినల్‌కీ మధ్య పల్చటి పొర పేరుకుంటుంది. చిన్న బల్బుకి చాలినంత కరెంటు ఆ పొరలోంచి పోతుంది. సెల్ఫ్ మోటారు అడిగే వంద ఆంపియర్ల పైచిలుకు మాత్రం పోదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద కారెక్కించి ఇంజిన్ ఆపి, నర్సాపురం ఒడ్డున మళ్లీ తాళం తిప్పినప్పుడు బండి మూగబోవడానికి ఆ పొర ఒక్కటి చాలు. వెనకున్న బళ్ల హారన్లు వినాల్సిందే!

మీటరు ఎక్కడ పెట్టాలి?

ఏ ఇంట్లోనైనా గుర్తుంచుకోదగ్గ అంకెలు కొన్నే. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. కొత్త కార్లలో ఛార్జింగుని కంప్యూటరే నడిపిస్తుంది. బ్యాటరీ నిండితే పెట్రోలు ఆదా కోసం వోల్టేజీని 13కో, అంతకంటే కిందికో దించేస్తుంది. అది లోపం కాదు. కాబట్టి ఆగి ఉన్న కారులో ఒక్కసారి చూసిన అంకెతో తీర్పు చెప్పకూడదు.

కాలువ తనిఖీ ఇంకోరకం. రైతు ఎగువన నీటిమట్టం చూసి, దిగువన మళ్లీ చూస్తాడు. తేడా ఎక్కువుంటే మధ్యలో అడ్డుందని తేల్చుకుంటాడు. కారులోనూ అంతే. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఏసీ అన్నీ వేసి, మీటరు తీగ ఒకటి ఆల్టర్నేటర్ నుంచి కరెంటు బయటికొచ్చే బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ బుడిపె మీద పెట్టాలి. టెర్మినల్ మీద కాదు, బుడిపె మీదే. తేడా 0.2, 0.3 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డుంది. తర్వాత ఆల్టర్నేటర్ బాడీకీ, బ్యాటరీ మైనస్ బుడిపెకీ మధ్య చూడాలి. అక్కడ 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ పట్టీని విప్పి తుప్పు గీకి, శుభ్రం చేసి బిగించాలి. మీటరు చూస్తూ తీగల్ని ఒక్కొక్కటిగా మెల్లగా కదిపితే అంకె ఎక్కడ గెంతుతుందో అక్కడే దొంగ దొరుకుతాడు. తిరుగుతున్న బెల్టుకి చెయ్యి, చీరకొంగు, కండువా దగ్గరకు పోనివ్వకూడదు. కాబట్టి ఈ పని ఎలక్ట్రీషియన్ చేస్తుంటే పక్కన ఉండి చూడటమే మేలు.

ఎర్రదీపమూ ఎన్నో చెబుతుంది. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోతే 'హమ్మయ్య, దీపం లేదు' అని సంతోషపడకూడదు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌ని నిద్రలేపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలవక పోవచ్చు. కొన్ని రూపాయల బల్బు కోసం వేల రూపాయల డైనమో విప్పినట్టవుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్టు మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. దాన్ని గుచ్చి, వెనక సీట్లో పిల్లలకి చిన్న నోటుపుస్తకం ఇస్తే చాలు. గతుకులో ఎంత, వానలో ఎంత, లైట్లు వేశాక ఎంత, వంతెన ఎక్కేటప్పుడు ఎంత... వాళ్లకి ఆట, మెకానిక్కుకి ఆధారం. 'అప్పుడప్పుడూ ఆగిపోతోందండీ' అనే మాటకీ, 'వానపడి లైట్లు వేస్తే 12.3కి పడిపోతోందండీ' అనే మాటకీ మధ్య ఒక బ్యాటరీ ఖరీదంత తేడా ఉంది.

ఆ తీగ పీకొద్దు!

పాత అంబాసిడర్ల రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకేసేవారు. బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు, ఆగితే పాడైనట్టు. అప్పట్లో కార్లలో నిజంగా డైనమోలే ఉండేవి, కంప్యూటర్లు ఉండేవి కావు. 1960లో అమెరికాలో క్రిస్లర్ సంస్థ వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టాక ప్రపంచమంతా నెమ్మదిగా దానికే మారింది. మన దగ్గరా డైనమోలు పోయాయి. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. పీకి చూసే అలవాటు మాత్రం అక్కడక్కడా మిగిలే ఉంది.

ఇప్పటి కారులో అలా చేస్తే, నింపుతున్న చెరువుకి ఒక్కసారిగా తూము మూసినట్టే. కరెంటుకి పోయే దారి లేక వోల్టేజీ ఒక్క క్షణం ఎగదన్నుతుంది. ఆ దెబ్బకి ఆల్టర్నేటర్‌లోని డయోడ్‌లు, ఇంజిన్ కంప్యూటర్, మ్యూజిక్ సిస్టమ్... ఏదైనా పోవచ్చు. ఉన్న జబ్బు తెలుసుకోబోయి లేని జబ్బు తెచ్చుకోవడమే. ఎవరైనా ఆ పరీక్ష చేయబోతే, ఎంత పెద్దమనిషైనా సరే, మర్యాదగా వద్దనాలి.

పందిట్లో నిద్రపోయే కారు

కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకి వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కొడుకు కొన్న కారు ఏడాదిలో పది నెలలు షెడ్డులోనో, కొబ్బరాకుల పందిరి కిందో ఉంటుంది. సెలవుకి వచ్చిన రోజు స్టార్ట్ కాదు. ఇది వేరే కథ. కదలకుండా ఉన్నా గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు మామూలేననుకున్నా, రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు అవుతుంది. చిన్నకారు బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్ అవర్లు. నెల తిరిగేసరికి చెరువు అడుగంటుతుంది. వారానికోసారి తాతగారు 5 నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఆ లోటు తీరదు. అరగంటైనా రోడ్డు మీద నడపాలి. లేదంటే మైనస్ తీగ విప్పేసి ఉంచాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

నిన్న సాయంత్రం బాగా నడిచిన కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోతే మాత్రం ఇంకో చిట్కా ఉంది. స్టార్ట్ చేయకముందే ఆల్టర్నేటర్‌ని చేత్తో తాకి చూడాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో అది గోరువెచ్చగా తగిలితే లోపల డయోడ్ పాడైనట్టే. ఆనకట్ట గేటు సరిగా మూసుకోక చెరువులో నీళ్లు వెనక్కి పారుతున్నాయన్నమాట.

రాత్రివేళ దీపం ఆరకపోతే...

ఇవన్నీ తీరిగ్గా ఉన్నప్పటి మాటలు. అంతర్వేది దగ్గర ఏ పల్లెలోనో అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడపిల్లని వెనక సీట్లో పడుకోబెట్టి అమలాపురం ఆసుపత్రికి బయల్దేరారనుకోండి. మలికిపురం చేరకముందే ఎర్రదీపం వెలిగి ఆరనంటే? ముందు ఇంజిన్ వేడి ముల్లు చూడాలి. చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే నీళ్ల పంపునీ తిప్పుతుంది. అది తెగితే రెండూ ఆగుతాయి. వేడి పెరుగుతుంటే బండి ఆపాల్సిందే.

వేడి మామూలుగానే ఉంటే ఏసీ, ఫ్యాను, పాటలు, ఫోన్ ఛార్జర్లు అన్నీ ఆపేయాలి. హెడ్‌లైట్లు ఆపకూడదు. ఇంజిన్ కూడా ఆపకూడదు. ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. హెడ్‌లైట్లతో కలిపి ఇంజిన్ 20 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద గంటా 45 నిమిషాలు వస్తుంది. పాత బ్యాటరీ అందులో సగం వచ్చినా గొప్పే. చాలా కార్లలో స్టీరింగు కూడా కరెంటు మీదే ఆధారపడుతుంది, వోల్టేజీ పడిపోతే అది బిగుసుకుంటుంది. అందుకని అమలాపురం దాకా పంతానికి పోకుండా అప్పుడే 108కి ఫోన్ చేయాలి. మలికిపురంలోనో రాజోలులోనో వెలుతురున్న చోట ఆగి అంబులెన్స్‌లోకి మార్చుకోవాలి. కాలువగట్టు మీద, చీకట్లో, లైట్లు ఆరిన కారులో చిక్కుకోవడం కంటే పెద్ద ప్రమాదం లేదు.

అంతదాకా రాకుండా ఉండాలంటే మార్గం కష్టమేమీ కాదు. వానాకాలానికి ముందోసారి, సంక్రాంతికి ముందోసారి టెర్మినళ్లు విప్పి గోరువెచ్చటి నీళ్లు, వంటసోడాతో కడిగించి, ఆరబెట్టి, బిగించి, పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాయిస్తే ఉప్పుగాలి దగ్గరకు రాదు. బెల్టు, ఎర్త్ పట్టీ అప్పుడే చూపించుకోవాలి. అయినా దీపం దోబూచులాడుతుంటే షెడ్డు ముందు కారు నిలబెట్టి 'చూడండి' అంటే లాభం లేదు. జబ్బు షెడ్డుకి రానంటే షెడ్డే జబ్బు దగ్గరికి వెళ్లాలి. ఎలక్ట్రీషియన్‌కి ఆ గంట కూలీ ముందే ఇచ్చి, మీటరుతో సహా పక్కన కూర్చోబెట్టుకుని, లైట్లన్నీ వేసి బోడసకుర్రు వంతెన దాకా వెళ్లి రావాలి. కొత్త బ్యాటరీ కన్నా ఆ గంట చాలా చవక.